సొసైటీ కంప్యూటర్‌లో మన ఖాతా: చూసేదెవరు, దిద్దేదెవరు?

మైలవరం పక్క పల్లెలో నాలుగెకరాల మెట్ట, ఎకరం మామిడి ఉన్న రైతు పేరు ఎన్ని కంప్యూటర్లలో ఉంటుందో లెక్క వేసి చూడండి. పంట రుణం ఇచ్చిన సొసైటీలో ఒకటి. ఆ సొసైటీకి సొమ్ము సర్దే కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకులో, అంటే అందరూ కేడీసీసీబీ అనే బ్యాంకులో, మరొకటి. పొదుపు ఖాతా సప్తగిరి గ్రామీణ బ్యాంకులో ఉండి ఉంటే 2025 మే 1న అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. ఖాతా కూడా కొత్త గూటికి చేరింది. భార్య డ్వాక్రా సంఘంలో ఉంటుంది గనక ఆ లెక్కల్లో భర్తగా, నామినీగా ఇంకోచోట. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో బంగారం కుదువపెట్టిన ఫైనాన్స్ కంపెనీలో, ట్రాక్టరుకు అప్పిచ్చిన కంపెనీలో, భూమి మీద అప్పు భారం చూపే వెబ్‌ల్యాండ్‌లో, ఏ పంట వేశామో నమోదయ్యే ఈ-పంటలో, ముంబయిలో ఎక్కడో ఉండే క్రెడిట్ బ్యూరోలో. ఆ రైతు వీటిలో సగం పేర్లు విని కూడా ఉండడు.

ఇన్నిచోట్ల ఉన్న లెక్క గురించి అడగాల్సినవి మూడు. చూడగలిగేది ఎవరు? మార్చగలిగేది ఎవరు? మార్చాక పాత అంకె ఎక్కడికి పోతుంది? సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు మొదటిదాని గురించే గంటలకొద్దీ చెబుతారు, కొనేవాళ్లు కూడా దాన్నే అడుగుతారు. తెలుగునాట గత ఇరవై ఏళ్లలో డబ్బు లెక్కల్లో జరిగిన పెద్ద అనర్థాలను వరసగా పెట్టి చూస్తే, దెబ్బ తగిలింది ఎక్కువగా రెండో ప్రశ్న దగ్గర, మూడో ప్రశ్న దగ్గర. ఈ మూడింటి జవాబులూ ఖాతా ఎవరిదో ఆ మనిషికి తెలియాలన్న నాలుగో సంగతి ఇంతకాలం ఎవరికీ పెద్దగా పట్టలేదు. నా మటుకు నాకు అసలు కీలకం అక్కడే ఉందనిపిస్తుంది.

పాత పద్ధతి మరీ తీసిపారేయదగ్గది కాదు. చిట్టాలో ఏ రోజు జమాఖర్చు ఆ రోజు రాయడం, దాన్ని మనిషివారీగా ఆవర్జాలోకి ఎక్కించడం, రైతు చేతిలోని పాసుపుస్తకంలో అదే అంకె మళ్లీ వేయడం: ఒకే లావాదేవీ మూడుచోట్ల ఉండేది, మూడోది సంఘం చేతిలో ఉండేది కాదు. ఇనప్పెట్టెకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం. బ్లేడుతో గీకిన కాగితం వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పట్టుబడేది. అయినా మోసాలు జరిగాయి, బోలెడు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం 1964లో 51వ సెక్షన్ కింద జరిగే విచారణకు పల్లెల్లో 'ఫిఫ్టీ వన్ ఎంక్వైరీ' అని పేరే స్థిరపడిందంటే ఎన్ని జరిగాయో ఊహించుకోవచ్చు. చనిపోయినవారి పేర అప్పు, కట్టిన సొమ్ముకు రసీదు ఇచ్చి చిట్టాలో ఎక్కించకపోవడం, పాత అప్పు తీరినట్లూ కొత్త అప్పు ఇచ్చినట్లూ కాగితం మీదే తిప్పే బుక్ అడ్జస్ట్‌మెంట్. కంప్యూటర్ వచ్చినంత మాత్రాన ఇవి పోవు. చేసే తీరు మారుతుంది.

బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ వాడే ఖాతాదారుల సాఫ్ట్‌వేర్‌లో ఒక మనిషికి ఒక పేజీ. గుర్తింపు పత్రాలు, అప్పులు, వాయిదాలు, కుటుంబ సభ్యులు, ఫిర్యాదులు, వసూలుకు వెళ్లిన కుర్రాడు రాసుకున్న మాటలు అన్నీ ఆ పేజీలోనే. ఎవరు ఎంతవరకు చూడొచ్చో వారి హోదాకు ఇచ్చిన 'రోల్' తేలుస్తుంది. కౌంటర్ గుమాస్తాకు నిల్వ కనబడాలి, ఆధార్ నంబరు మొత్తం కనబడనక్కర్లేదు. మేనేజరుకు తన బ్రాంచి ఖాతాలు కావాలి, పక్క బ్రాంచివి వద్దు. ఆడిటర్ అన్నీ చూడాలి, ఒక్క అంకె కూడా దిద్దకూడదు. నమోదు చేసినవారే ఆమోదించకూడదు. మేకర్ ఒకరు, చెకర్ ఒకరు. ఇవన్నీ శిక్షణ తరగతుల్లో చెప్పేవే. అంతగా చెప్పని సూక్ష్మం ఒకటుంది. ఉద్యోగి మానేసినా బదిలీ అయినా అతని లాగిన్ ఆపాలి, చెరిపేయకూడదు. చెరిపితే అతను చేసిన నమోదుల కింద పేరే మిగలదు, రేపు విచారణకు వచ్చినవారు ఎవరిని అడగాలి? అలాగే అతని పేరున ఉన్న ఖాతాదారులను అదే రోజు ఇంకొకరికి అప్పగించాలి. లేకపోతే ఆ ఖాతాలు ఎవరి బాధ్యతా కాకుండా తేలిపోతాయి. వాయిదా మీరిన అప్పులు నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోవడానికి ఇదో మామూలు కారణం.

పై అంతస్తులో 'సూపర్ యూజర్' ఉంటాడు. అన్నీ చూడగలడు, అన్నీ మార్చగలడు, మిగతావారికి ఏది కనబడాలో తనే నిర్ణయించగలడు. ఈ ఒక్క లాగిన్ ఎంత పని చేయగలదో తెలుసుకోవడానికి హైదరాబాద్ కంటే ఎక్కువ దూరం పోనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాసి లెక్కల్లో లేని సొమ్ము చూపించామని ఒప్పుకున్నారు. తరువాత సీబీఐ తవ్వితే బయటపడినవి 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లు, వాటి విలువ రూ.5,117 కోట్లు. ఎలా దాచారు? ఎవరూ తాళం పగలగొట్టలేదు. బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో సూపర్ యూజర్ లాగిన్‌తో ప్రవేశించి, మామూలు దారిలో రాని బిల్లులను నేరుగా ఎక్కించి, వాటికి ఒక ప్రత్యేక గుర్తు తగిలించారు. ఆ గుర్తున్న బిల్లు తమ విభాగం లెక్కలు చూసుకునే అధికారుల తెర మీద కనబడదు. మొత్తం ఆదాయంలో మాత్రం కలుస్తుంది. పని చేసేవాళ్లు తమ బిల్లులు సరిగ్గానే చూశారు, లెక్క మాత్రం అబద్ధం. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. కార్పొరేట్ పాలన గురించి ఈ కేసు మీద వచ్చిన వ్యాసాలకు లెక్కలేదు. కనబడకుండా చేసే అధికారం ఒక్క లాగిన్‌కు ఎందుకిచ్చారన్న చిన్న ప్రశ్న వాటిలో అరుదుగా వినిపిస్తుంది.

రెండో కేసు సహకార బ్యాంకుది గనక మనకింకా దగ్గర. ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు, హైదరాబాద్, 2022 జనవరి. బ్యాంకు ఉద్యోగులకు అంతకుముందే మోసపు ఈమెయిళ్లు వచ్చాయి. వాటిని కొందరు తెరిచారు, దాంతో దొంగ సాఫ్ట్‌వేర్ లోపలికి చొరబడింది. శని, ఆదివారాల అదను చూసి సుమారు రూ.12 కోట్ల 48 లక్షలు అదే బ్యాంకులోని కొన్ని ఖాతాల్లోకి మళ్లించి, అక్కడినుంచి దేశమంతటా వందకు పైగా ఖాతాలకు చెదరగొట్టారు. మార్చిలో హైదరాబాద్ పోలీసులు వివరాలు చెప్పినప్పుడు నన్ను ఆపేసిన సంగతి దొంగల తెలివి కాదు. ఆ బ్యాంకులో పదిమంది సూపర్ యూజర్లు ఉన్నారు, కొందరి పాస్‌వర్డ్‌లు ఒకటే. ఇద్దరో ముగ్గురో ఉండాల్సిన చోట పదిమంది! తరువాత రిజర్వు బ్యాంకు రూ.65 లక్షల జరిమానా వేసింది. పట్టణ సహకార బ్యాంకులకు సైబర్ భద్రత ఎలా ఉండాలో స్థాయిలవారీగా చెబుతూ రిజర్వు బ్యాంకు 2019 డిసెంబరు 31నే ఉత్తర్వు ఇచ్చి ఉంది. ఉత్తర్వు ఉండటం వేరు, సోమవారం ఉదయం బ్యాంకు తలుపు తీసే మనిషికి దాని సంగతి తెలియడం వేరు.

ముంబయిలోని పంజాబ్ నేషనల్ బ్యాంకు బ్రాడీ హౌస్ శాఖ ఉదంతం 2018లో దేశమంతా విన్నదే గనక క్లుప్తంగా: విదేశాలకు హామీ సందేశాలు పంపే స్విఫ్ట్ వ్యవస్థకూ బ్యాంకు అసలు లెక్కల సాఫ్ట్‌వేర్‌కూ లంకె లేదు. స్విఫ్ట్‌లో పంపినది పుస్తకాల్లోకి రాకపోయినా ఎవరికీ తెలియలేదు. ఒకే అధికారి ఏళ్ల తరబడి అదే కుర్చీలో కూర్చున్నాడు. ఈ మూడు కేసుల్లోనూ అనుమతి పత్రాలు ఉన్నాయి, రోల్స్ ఉన్నాయి, ఆడిటర్లూ ఉన్నారు.

ఇక చట్టాల సంగతి. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద లావాదేవీ రికార్డు అయిదేళ్లు ఉంచాలి. గుర్తింపు పత్రాలను ఖాతా మూసేశాక అయిదేళ్లు. కేవైసీని ముప్పు ఎక్కువ అనుకున్న ఖాతాలకు రెండేళ్లకు, మధ్యరకానికి ఎనిమిదేళ్లకు, తక్కువకు పదేళ్లకు ఒకసారి తాజా చేయాలి. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటుకూ జాడ ఉండాలి, ఆ జాడను ఆపేసే వీలు ఉండకూడదు అన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో తెలపాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు ఐటీ పాలన మీద సమగ్ర ఆదేశం ఇచ్చింది. వాణిజ్య బ్యాంకులకూ పెద్ద, మధ్యస్థాయి ఫైనాన్స్ కంపెనీలకూ అది వర్తిస్తుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో. అసలు బాధ్యతలు 2027 మే నుంచి మొదలవుతాయి. ఉల్లంఘిస్తే జరిమానా రూ.250 కోట్ల దాకా.

ఈ జాబితాలో మన సొసైటీ ఎక్కడ? ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘానికి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం వర్తించదు. అది బ్యాంకు అని పేరు పెట్టుకోవడానికి కూడా లేదు. కంపెనీ కాదు గనక కంపెనీల నిబంధనా రాదు. రిజర్వు బ్యాంకు ఐటీ ఆదేశం దాని గడప తొక్కదు. నందిగామ మెట్టలో పత్తికో మిర్చికో రైతు అప్పుకు వెళ్లే మొదటి గడప మాత్రం అదే. నియమాల వల పైనున్న పెద్ద బ్యాంకుల మీద చిక్కగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. ఇక్కడ పనిచేసేది సహకార శాఖ చట్టం, జిల్లా బ్యాంకు సూపర్‌వైజరు, ఏడాదికోసారి వచ్చే ఆడిట్. ఇవి కాగితపు పుస్తకాల కాలంలో పుట్టినవి.

2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గం 63 వేల సంఘాలను కంప్యూటరీకరించడానికి రూ.2,516 కోట్ల పథకాన్ని ఆమోదించింది. నాబార్డు చేతుల మీదుగా, అన్ని రాష్ట్రాలకూ ఒకే సాఫ్ట్‌వేర్. ఆంధ్రప్రదేశ్‌లో రెండు వేలకు పైగా సంఘాలు ఈ దారిలో ఉన్నాయి. సంఘం, కేడీసీసీబీ, రాష్ట్ర సహకార బ్యాంకు ఆప్కాబ్, నాబార్డు ఒకే గొలుసులో కనబడతాయి. పథకం ఉద్దేశం మంచిదే. తప్పు పట్టడానికి లేదు. ఆ సాఫ్ట్‌వేర్ ఊహించుకున్న ఆఫీసు వేరు, మన పల్లెలో ఉన్న ఆఫీసు వేరు. మేకర్ ఒకరు, చెకర్ ఒకరు, పైన అధికారి ఒకరు అన్న పద్ధతికి కనీసం ముగ్గురు కావాలి. చిన్న సంఘంలో సీఈవో, ఒక గుమాస్తా, ఎరువుల గోడౌను చూసుకునే మనిషి ఉంటారు. సీఈవో కేడీసీసీబీ సమావేశానికి విజయవాడ వెళ్లిన రోజు రుణం రెన్యువల్‌కు రైతులు వరసలో ఉంటే ఏం జరుగుతుంది? ఆయన పాస్‌వర్డ్ ఒక చీటీ మీద గుమాస్తా సొరుగులో ఉంటుంది. మేకర్, చెకర్ ఒకే మనిషి అయిపోతారు, కంప్యూటర్ మాత్రం ఇద్దరు సంతకం చేశారని రాసుకుంటుంది.

ఆ గుమాస్తాను తిట్టి లాభం లేదు. వరసలో నిలబడ్డ రైతును రేపు రమ్మనడం కంటే ఆ చీటీ తీయడమే ఆ రోజుకు న్యాయం. లోపం మనిషిది కాదు, ముగ్గురు లేని చోట ముగ్గురి నియమం పెట్టడానిది. చిన్న సంఘాలకు పక్క సంఘం సీఈవోనో, కేడీసీసీబీ బ్రాంచిలోని ఒక అధికారినో దూరం నుంచి చెకర్‌గా పెట్టవచ్చు. అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఉన్నప్పుడు సాంకేతికంగా అడ్డేమీ లేదు. సెలవు పెడితే ఆ నాలుగు రోజులకే, ఆ పనికే పరిమితమైన తాత్కాలిక లాగిన్ ఇవ్వవచ్చు. గడువు ముగియగానే అదే ఆగిపోతుంది. ఇవి పెద్ద బ్యాంకుల్లో మామూలుగా చేసే పనులే.

ఇంకో చిక్కు రాజకీయాలది. సొసైటీలకు రాష్ట్రంలో 2013 తరువాత ఎన్నికలు జరగలేదు. అప్పటినుంచి పొడిగింపులు, పర్సన్ ఇన్‌ఛార్జిలు, త్రిసభ్య కమిటీలు. ప్రభుత్వం మారితే కమిటీలు మారతాయి. చెక్కుల మీద సంతకం ఎవరిదో బ్యాంకుకు వెంటనే తెలియజేస్తారు, ఎందుకంటే అది లేకపోతే డబ్బు కదలదు. సాఫ్ట్‌వేర్‌లో పాత అధ్యక్షుడి లాగిన్ ఆపమని రాసే తీర్మానం అంత తొందరగా పుట్టదు, ఎందుకంటే అది ఆపకపోయినా పని ఆగదు. పని ఆగని చోట భద్రత ఎప్పుడూ వెనకపడుతుంది. కుర్చీ దిగినవారి లాగిన్ ఆ రోజే ఆగేలా, కమిటీ నియామక ఉత్తర్వుతోనే దానికి లంకె పెట్టడం సహకార శాఖ చేతిలోని పని.

రికార్డుల నాణ్యత దగ్గరికి వద్దాం. ఎవరికి అనుమతి ఉందో చూసినంత శ్రద్ధగా, ఏ అనుమతితో ఏ చెత్త లోపలికి వచ్చిందో చూడరు. పాత పుస్తకాల నుంచి నిల్వలు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు చేసే పొరపాటు ఆ తరువాత ఏళ్ల తరబడి సత్యంగా చలామణీ అవుతుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వెంకటేశ్వరరావులు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాసుపుస్తకంలో వెనక, భూమి రికార్డు 1-బీలో పొడి అక్షరం. ఇంగ్లిషు అక్షరాల్లో రాసినప్పుడు ఒక అక్షరం తేడాతో ఒకే మనిషి ఇద్దరవుతాడు, లేదా ఇద్దరు ఒకరవుతారు. రెండోది ప్రమాదకరం: ఒకరి అప్పు మరొకరి మెడకు చుట్టుకుంటుంది. దీని రుచి 2014 రుణమాఫీలో చూశాం. విధివిధానాలు తేల్చిన కోటయ్య కమిటీ, కుటుంబానికి లక్షన్నర పరిమితి, ఆధార్, రేషన్ కార్డు, సర్వే నంబరు మూడూ సరిపోలాలన్న నియమం. సరిపోలక ఆగిపోయిన పేర్ల కోసం రైతులు బ్యాంకుకూ మండల ఆఫీసుకూ ఎన్నిసార్లు తిరిగారో ఆ తరంవాళ్లకు గుర్తే. తప్పు రైతుది కాదు. తప్పు ఏ టేబుల్ దగ్గర జరిగిందో చెప్పే జాడ ఆ రికార్డుల్లో లేదు.

అగ్రిగోల్డ్‌ది ఇంకో పాఠం. విజయవాడ కేంద్రంగా ఎదిగిన ఆ సంస్థ కూలినప్పుడు పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షలమంది డిపాజిటర్లు, రూ.6,380 కోట్ల బాకీ. ప్రభుత్వం 2019 నవంబరులో పదివేల లోపువారికి, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపువారికి సొమ్ము ఇచ్చినప్పుడు ఊరూరా జరిగిన తంతు చూసినవారికి తెలుసు. బాండు, రసీదులు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం పట్టుకుని వరసలో నిలబడి, కంపెనీ జాబితాలో తమ పేరుందో లేదో చూసుకోవాలి. ఏజెంటు పేర కట్టినవారు, బాండు పోగొట్టుకున్నవారు, డిపాజిటర్ చనిపోయాక వారసులు: అందరిదీ ఒకటే ఇబ్బంది. లెక్క కూలిన కంపెనీ దగ్గర ఉంది, రుజువు తమ దగ్గర ఉండాలి. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు ఇలాంటి గొడవ రాలేదంటే, నియంత్రణ ఉన్న చోట ఖాతాదారుల రికార్డు సంస్థ కంటే ఎక్కువ కాలం బతుకుతుందనే అర్థం. అక్కడా నామినీ లేని, ఫోన్ నంబరు లేని ఖాతాలు మిగిలిపోతూనే ఉంటాయి. పదేళ్లు కదలిక లేని సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, దాన్ని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ పోర్టల్ పెట్టాల్సి వచ్చింది.

రికార్డు ఎవరికీ కనబడకపోవడం ఎంత చేటు చేస్తుందో, అవసరం లేనివారికి కనబడటం అంత చేటు చేస్తుంది. ఈ రెండు కొసల్లో మొదటిదాన్ని కృష్ణా జిల్లా అందరికంటే ముందే చూసింది. 2006లో ఇక్కడ సూక్ష్మరుణ సంస్థల శాఖలు యాభై దాకా జిల్లా యంత్రాంగం మూయించింది. వడ్డీల మీద, గుమ్మం ముందు కూర్చుని వసూలు చేయడం మీద, ఆత్మహత్యల మీద వచ్చిన ఫిర్యాదులు కారణం. ఆ గొడవ సద్దుమణిగిందనుకున్న నాలుగేళ్లకు, 2010 అక్టోబరులో, సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు వచ్చింది. అప్పటి మూలకారణాల్లో ఒకటి పూర్తిగా రికార్డులది. ఒకే ఇల్లాలికి మూడు నాలుగు సంస్థలు అప్పిచ్చాయి. ఒకరి పుస్తకం ఇంకొకరికి కనబడేది కాదు, లేదా కనబడకపోవడమే వాళ్లకు అనుకూలంగా ఉండేది. రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ తరువాత సూక్ష్మరుణాల వివరాలన్నీ క్రెడిట్ బ్యూరోలకు చేరడం మొదలైంది. 2022 రిజర్వు బ్యాంకు ఆదేశాల్లోని, ఇంటి నెలవారీ ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదన్న లెక్కకు అదే ఆధారం. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన పాత రాష్ట్ర చట్టం వర్తించదని తేల్చింది. అంటే ఇక కాపలా అంతా రికార్డు మీదే.

రెండో కొస కొత్తది. ఫీల్డ్ ఆఫీసర్ చేతిలో కంపెనీ ట్యాబ్ ఉంటుంది, జేబులో సొంత ఫోన్ ఉంటుంది. నెట్ అందని ఊళ్లో ఆధార్ కార్డు ఫొటో సొంత ఫోన్‌తో తీసి, వాట్సాప్‌లో బ్రాంచికి పంపి, తరువాత ట్యాబ్‌లో ఎక్కిస్తారు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని తాళాలున్నా ఆ ఫొటో ఆ ఫోన్‌లోనే ఉండిపోతుంది, కుర్రాడు ఉద్యోగం మారి ఇంకో కంపెనీకి వెళ్లినా. 2020 చివర్లో రుణ యాప్‌ల వేధింపులు తెలుగు రాష్ట్రాలను కుదిపేసినప్పుడు బయటపడింది ఇదే తరహా దురాశ: ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాగేసుకుని, వాయిదా తప్పితే బంధువులకు ఫోన్లు. 2006లో గుమ్మం ముందు కూర్చున్నది మనిషి. ఇక్కడ ఆ పని జాబితా చేసింది. కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిషేధించింది. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు చేసి ఆధార్ చెల్లింపుల ద్వారా డబ్బు లాగిన ముఠాలు రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడ్డాయి. ఒక ఆఫీసులో నిర్దోషంగా ఉన్న రికార్డు ఇంకో ఆఫీసు తలుపు తాళంచెవి కావడం అంటే ఇదే. అందుకని తక్కువ తీసుకోండి, తక్కువ దాచండి అనే వాదం ఉంది. నేను దాన్ని సగమే ఒప్పుకుంటాను. అవసరం లేని వేలిముద్ర, అవసరం లేని నకలు తీసుకోకపోవడం సరే. లావాదేవీ జాడను మాత్రం తొందరపడి చెరిపితే నష్టపోయేది అప్పు తీర్చేసి రసీదు పోగొట్టుకున్న మనిషే.

లాగ్‌ల మీద ఆశ పెట్టుకున్న వర్గం ఇంకొకటి. అన్నీ నమోదవుతాయి గనక ఎవరూ తప్పించుకోలేరని వారి ధీమా. సత్యం బిల్లులూ నమోదయ్యాయి కదా, సీబీఐ వాటిని పట్టింది అందులోంచే. కానీ ఎప్పుడు? దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగిన చందాన. లాగ్ చదివే మనిషి, చదివే రోజు, చదివి చెప్పాల్సిన చోటు నిర్ణయించకపోతే అది డిస్కులో స్థలం తింటుంది, అంతే.

చదవడానికి అందరికంటే ఆసక్తి ఉన్న మనిషి ఖాతాదారే. తన ఖాతాను తను తప్ప అంత శ్రద్ధగా చూసేవారు ఆడిటర్లలో కూడా దొరకరు. ఈ దారి ఇప్పుడిప్పుడే తెరుచుకుంటోంది. మన క్రెడిట్ రిపోర్టు ఎవరైనా తెరిస్తే మనకు సందేశం రావాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు బ్యూరోలను ఆదేశించింది. తప్పు దిద్దమని ఫిర్యాదు చేశాక 30 రోజులు దాటితే రోజుకు రూ.100 పరిహారం. ఆధార్ ఎక్కడెక్కడ వాడారో గత ఆరు నెలల చరిత్ర చూసుకోవచ్చు. డ్వాక్రా సంఘాల్లో లెక్క సంఘం పుస్తకంలో, అది గ్రామ సంఘం లెక్కలు రాసే వీవోఏ సంచిలో, సభ్యురాలికి తెలిసేది వీవోఏ చెప్పినంతే అన్న రోజులు చాలాకాలం నడిచాయి. సభ్యురాలు బ్యాంకుకు కట్టమని ఇచ్చిన సొమ్ము సంఘం ఖాతాకు చేరలేదన్న ఫిర్యాదులు పత్రికల జిల్లా పేజీల్లో ఎప్పుడూ ఉంటాయి. డ్వాక్రా సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ప్ తెచ్చిన 'మన డబ్బులు – మన లెక్కలు' యాప్ ఉద్దేశం సభ్యురాలే తన పొదుపు, అప్పు ఫోన్‌లో చూసుకోవడం. సాఫ్ట్‌వేర్‌గా అది ఎంత చక్కగా ఉందో నాకు ముఖ్యం కాదు. చూసే హక్కు పైనుంచి కిందికి కాకుండా లెక్క ఎవరిదో వారికి ముందు ఇచ్చింది, అది ముఖ్యం.

ఇక్కడా ఒక గండి ఉంది. దారంతా ఫోన్ నంబరు మీద నడుస్తుంది. చాలామంది ఆడవాళ్ల ఖాతాలకు జోడించిన నంబరు భర్తదో, కొడుకుదో, ఖాతా తెరిచిన రోజు పక్కనున్న ఏజెంటుదో. అప్పుడు సందేశం వెళ్లేది ఎవరిని కనిపెట్టాలో వారికే. 2024లో చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలో డిపాజిటర్లకు తెలియకుండా వారి డిపాజిట్ల మీద అప్పులు తీసిన వ్యవహారం బయటపడ్డాక కోట్ల లెక్క తేల్చడానికి సీఐడీ రావాల్సి వచ్చింది. లోపలి మనిషే చేసినప్పుడు ఖాతాదారుకు అందాల్సిన సమాచారమే మొదట ఆగుతుంది. అందుకే ఫోన్ నంబరు మార్పును మామూలు వివరాల దిద్దుబాటుగా కాక సొమ్ము తీయడంతో సమానమైన లావాదేవీగా చూడాలి: ఇద్దరి ఆమోదం, పాత నంబరుకు సందేశం, కొన్ని రోజుల విరామం. ఫోన్ లేనివారికి, చదవలేనివారికి పాత పాసుపుస్తకమే మేలు. కంప్యూటర్ వచ్చింది కదా అని ముద్రణ మానేసిన సంఘాలు మళ్లీ మొదలుపెట్టాలి.

సొసైటీ మహాజన సభలో జమాఖర్చులు చదివి వినిపిస్తారు, చప్పట్లు కొడతారు, కాఫీ ఇస్తారు. ఆ కార్యక్రమంలో ఇంకో పేజీ కలపడానికి చట్టం మార్చనక్కర్లేదు. ఈ ఏడాది సంఘం సాఫ్ట్‌వేర్‌లో ఎవరెవరికి లాగిన్ ఉంది, ఎవరిది ఏ తేదీన ఆపారు, ఒకే మనిషి నమోదు చేసి ఆమోదించినవి ఎన్ని, ఎన్ని ఖాతాల ఫోన్ నంబర్లు మారాయి. నాలుగు వరసల నివేదిక. సీఈవో చదువుతుంటే నాలుగో వరుసలో కూర్చున్న మిర్చి రైతు లేచి, పోయిన ఏడాది దిగిపోయిన అధ్యక్షుడి పేరు ఇంకా జాబితాలో ఎందుకుందండీ అని అడగవచ్చు.